జెండా మారినచో పింఛను ఏమగును?

“ఏందన్నా, ఈ సంఘం వదిలి ఆ సంఘంలో చేరితే మన పింఛను డబ్బు పోద్దంటగా?”

చిలకలూరిపేట, గణపవరము ప్రాంతముల నూలు మిల్లులలో గాని, గుంటూరు చుట్టుప్రక్కల జిన్నింగు మిల్లులలో గాని పనిచేయువారి నోట వినవచ్చు ప్రశ్న ఇది. అడుగువానికి ఇది కాలక్షేపపు మాట కాదు. పండ్రెండేండ్లు, పదునైదేండ్లు యంత్రముల మోతలోను, పత్తిదూదిలోను గడపినవాడు, ముసలితనమున నెలకు రాదగిన నాలుగు రూకలు ఒక్క సంతకముతో పోవునేమో యను భయముతో అడుగుచున్నాడు. ఆ భయము చేతనే తనకు నచ్చని సంఘములో చందా కట్టుచు ఉండిపోవువారును కలరు.

సమాధానము ముందే చెప్పెదను. మిల్లు కార్మికుడు సంఘము మారుట వలన పింఛను పోదు. ఎందుకనగా ఆ డబ్బు సంఘము చేతిలో ఎన్నడును లేదు.

మన దేశమున కార్మికుల భవిష్యనిధి, అనగా అందరును ప్రావిడెంటు ఫండు అని పిలుచుకొనునది, 1951 నవంబరులో ఒక ఆర్డినెన్సుగా వెలువడి 1952లో చట్టమైనది. మొదట ఆరు పరిశ్రమలకు మాత్రమే వర్తించిన ఆ చట్టములో బట్టల పరిశ్రమ ఒకటి. సిమెంటు, సిగరెట్టు, కాగితము, ఇనుము ఉక్కు, ఇంజనీరింగు తక్కినవి. ఆనాడు కార్మికుని వంతు రూపాయికి ఒక అణా, అనగా నూటికి ఆరుంబాతిక. నేడది సాధారణముగ నూటికి 12. అంతే మొత్తము యజమానియు చెల్లించవలెను. 1971లో కుటుంబ పింఛను పథకమును, 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకమును దీనికి జతపరచిరి.

లెక్క చూతము. ఒక కార్మికుని మూలవేతనము, కరవుభత్యము కలిసి 12,000 రూపాయలనుకొందము. అతని జీతములో కోత 1,440. యజమాని చెల్లించు 1,440లో సుమారు వేయి రూపాయలు పింఛను నిధికి పోవును. మిగిలిన 440 భవిష్యనిధికి చేరును. ఈ మొత్తములు యజమాని చేతి నుండి నేరుగా భవిష్యనిధి సంస్థకు చేరవలసినవి. గుంటూరులోను ఆ సంస్థ కార్యాలయము కలదు. ఈ దారిలో సంఘము పేరు వ్రాయుటకు గడియే లేదు.

1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినది. కొన్నాళ్లు ఏ.ఐ.టి.యు.సి.లోనే కొనసాగిన ఇరువర్గములు తుదకు విడిపోయి, 1970లో సి.ఐ.టి.యు. వేరుగా ఏర్పడినది. మన జిల్లాలు వామపక్ష ఉద్యమమునకు బలమైన నెలవులు గనుక, ఒకే చాలులో నిలిచి పనిచేయువారు ఇరుప్రక్కల చేరిపోయిరి. ఇట్టి చీలికలలో సంఘపు గది ఎవరిది, రశీదు పుస్తకము ఎవరిది అను తగవులు సహజము. కాని కార్మికుని భవిష్యనిధి పద్దు సంఖ్యలో ఒక్క అంకెయైనను మారవలసిన పని రాలేదు.

మరి ఈ అపోహ ఎట్లు పుట్టినది? నాకు తోచిన కారణమొకటి. చదువు రాని కార్మికునికి ఫారము నింపిపెట్టువాడు సంఘము కార్యదర్శి. కార్యాలయమునకు వెంట వచ్చువాడు అతడే. పద్దు చీటీ, ఆధారు నకలు అతని సంచిలోనే ఉండును. ఇరువది ఏండ్లు ఇట్లు సాగిన పిమ్మట కాగితము ఎవరి చేతిలో ఉన్నదో డబ్బును వారి చేతిలోనే ఉన్నదనిపించుట వింత కాదు. కొందరు నాయకులు ఆ భ్రమను తొలగింపరు. మరికొందరు, వారిని స్మరింపకపోవుట న్యాయము కాదు, సంఘము విడిచి పోయిన వానికి కూడ ఫారము నింపి పెట్టెదరు.

నిజమైన నష్టము జెండా మారినపుడు కాదు, మిల్లు మారినపుడు కలుగుచున్నది. పింఛను నిధిలో కార్మికునికి ప్రత్యేకముగ నిలువ యుండు సొమ్మేమియు లేదు. అందరి సొమ్మును ఒకే నిధిలో కలియును. కార్మికునికి ఉండునది సంవత్సరముల లెక్క. పది సంవత్సరముల సర్వీసు నిండినచో ఏబది ఎనిమిదవ ఏట నెలనెల పింఛనుకు హక్కు ఏర్పడును. చివరి ఐదేండ్ల సగటు వేతనమును సర్వీసు సంవత్సరములతో హెచ్చించి 70చే భాగించవలెను. మన 12,000 రూపాయల కార్మికునికి పదేండ్లకు వచ్చునది 1,714 రూపాయలు. పెద్ద మొత్తమని నేననను. అయినను కొడుకును చేయి చాచి అడుగనక్కరలేని మందుల ఖర్చు అది.

ఇప్పుడు అతడు ఆరేండ్లు ఒక మిల్లులో పనిచేసి, బిడ్డ పెండ్లికో అప్పునకో భవిష్యనిధితో బాటు పింఛను వంతును కూడ తీసికొని, వేరొక మిల్లులో చేరి ఏడేండ్లు చేసెననుకొందము. పదమూడేండ్లు చెమటోడ్చినాడు. లెక్కలో ఏడే మిగిలినవి. ఆ ఆరేండ్లను తీసికొనక, పాత పద్దును క్రొత్త మిల్లుకు బదిలీ చేయించుకొన్నచో, లేదా ఆరేండ్ల సర్వీసునకు స్కీము సర్టిఫికెట్టు పొంది పెట్టెలో భద్రపరచినచో, పదమూడును నిలిచియుండెడివి. నడుమ పని లేక ఇంటనున్న కాలము పాత లెక్కను చెరపదు. 2014లో దేశమంతటికి ఒక్కటే సభ్యత్వ సంఖ్యను ఏర్పరచినందున ఈ పని సులువైనది. కాని ఒకచోట ఇంటిపేరుతో, వేరొకచోట పొట్టిపేరుతో రెండు సంఖ్యలు పుట్టినచో మరల చిక్కే. మేస్త్రీ చెప్పిన పేరును గుమాస్తా వ్రాసికొను అలవాటు మన మిల్లులలో ఇంకను పోలేదు.

జిన్నింగు మిల్లులలోను పొగాకు గ్రేడింగులోను పనిచేయు స్త్రీలు ఒక మాట గట్టిగ జ్ఞప్తియందుంచుకొనవలెను. పత్తి వచ్చిన నాలుగైదు నెలలే పని. తక్కిన కాలము మిరపకోతకో, కలుపునకో పోవుదురు. “నాలుగు నెలల కూలికి పింఛనేందమ్మా!” అని తమను తామే తీసివేసికొందురు. కాని పథకమున సీజను కార్మికులకు ప్రత్యేక నియమము కలదు. ఏడాదిలో చేసిన పని కొలదిగ నున్నను ఆ ఏటిని పూర్తి సంవత్సరముగనే లెక్కింతురు. పది సీజనులు పది సంవత్సరములగును. అయితే ఆ మిల్లు చట్టము క్రిందికి వచ్చినదై, వారి పేర చందా కట్టినదై ఉండవలెను. మస్టరులో పేరు లేని కూలికి ఏ నియమమును తోడురాదు.

సంఘముతో పింఛను ముడిపడిన దేశములు లేకపోలేదు. అమెరికాలో 1947 నాటి టాఫ్ట్ హార్ట్లీ చట్టము క్రింద సంఘమును యజమానులును సమాన సంఖ్యలో ధర్మకర్తలను నియమించి నడపు పింఛను నిధులు కలవు. అక్కడ ఓటు వేసి సంఘమును మార్చుకొన్న కార్మికుల గతి యేమి యను ప్రశ్న నిజముగనే తలెత్తినది. సంఘపు మార్పు ప్రభుత్వ నిర్ధారణ పొందినపుడు పాత నిధి నుండి క్రొత్త నిధికి ఆస్తులు, బాధ్యతలు తరలవలసిన విధానమును 1980లో చట్టము చేసి ఏర్పరచిరి. మన కార్మికుని అనుమానము అక్కడ పుట్టియున్నచో తర్కమునకు నిలిచియుండెడిది.

ఇక మన సంఘములకు స్వంత నిధులు లేవా? కలవు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము సభ్యులకు వార్ధక్యములో, రోగములో, ప్రమాదములో సాయము చేయుటకు సాధారణ నిధిని వెచ్చింపవచ్చునని చెప్పినది. లెక్కల పుస్తకములను చూచు హక్కును సాధారణ సభ్యునికిని ఇచ్చినది. అటుపిమ్మట 2001 సవరణలో అసంఘటిత కార్మికునికి విధించిన కనీసపు చందా ఏడాదికి మూడు రూపాయలు. అంత చందా నుండి పింఛను పుట్టదని వేరుగ చెప్పనేల? చందా కట్టినది సంఘము నడుచుటకు. వైదొలగినచో అది తిరిగి రాదు. కాని వృద్ధాప్య నిధి పేర ప్రత్యేకముగ వసూలు చేసినదున్నచో, దాని గతి ఆ సంఘ నియమావళిపై ఆధారపడును.

ఈ మాట అందరికంటె హమాలీలకు ముఖ్యము. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోయువానికి యజమాని ఎవరు? ఉదయము ఒక కమీషను వ్యాపారి, మధ్యాహ్నము వేరొకరు. ముఠాయే అతని మిల్లు, సంఘమే అతని కార్యాలయము. కావున మిల్లు కార్మికునిలో అపోహయైన భయము హమాలీలో అపోహ కాదు. ముఠా కూలిలో ఇంత అని మినహాయించి దాచిన డబ్బు, సంఘము చీలినపుడు ఎవరి ప్రక్క పోవును? మహారాష్ట్రములో అన్నాసాహెబ్ పాటిల్ నాయకత్వమున జరిగిన ఉద్యమము పిమ్మట, 1969లో మథాడీ హమాలీల చట్టము వచ్చినది. కార్మికుడు వ్యాపారి వద్ద గాక బోర్డు వద్ద నమోదగును. భవిష్యనిధి, గ్రాట్యుటీ బోర్డు చూచుకొనును. ఏ సంఘములో చేరినను బోర్డు పద్దు నిలిచియుండును. కేంద్రప్రభుత్వము 2019లో పెట్టిన శ్రమయోగి మాన్‌ధన్ పథకము కూడ ఎవరి పేర వారికే పద్దు తెరచి, అరువదవ ఏట నెలకు 3,000 రూపాయలిత్తునన్నది. కాని నలుబదేండ్లు దాటినవారిని చేర్చుకొనదు. ముఠాలో నడుము వంగినవారిలో అనేకులు ఆ వయస్సు దాటినవారే.

కాబట్టి ముఠావారు తమ ఉమ్మడి నిధిని సంఘపు చందాతో కలుపక వేరొక బ్యాంకు ఖాతాలో ఉంచుకొనుట మంచిది. ఒక్కరి సంతకముతో సొమ్ము కదలరాదు. సభ్యుడు వైదొలగినను, సంఘము చీలినను అతని వంతు ఎంత, ఎన్నాళ్లలో ఇయ్యవలెనో నియమావళిలో ఒక వాక్యము ఉండవలెను. అది లేనిచో, యార్డునకు వేసవి సెలవులిచ్చు మే నెలలో అందరును ఖాళీగనే ఉందురు గదా, అప్పుడే సభ జరిపి వ్రాసికొనవచ్చును.