చుట్టు పూర్తయ్యేదాకా జవాబు చెప్పొద్దు



పోయిన ఏడాది మా సంఘం విడిపోయేదాకా వచ్చింది. ఆ సంగతి చెప్పమని సమాఖ్య అడిగితే ముందు సిగ్గనిపించింది. తర్వాత సరే అనుకున్నాం.

మేము 12 మందిమి. ఒకామె బ్యాంకు అప్పు కంతు రెండు నెలలు కట్టలేదు. ఆమె వంతు మిగతా 11 మందిమి వేసుకుని కట్టాం. 90 రోజులు దాటితే మొండి బాకీలో పడతాం, పేరు సంఘానికంతా పోతుంది కదా. మూడో నెల అందరం వెళ్లి ఆమె గుమ్మం ముందు కూర్చున్నాం. అది తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం. వీధంతా చూస్తుండగా అడిగితే ఎవరు నిజం చెబుతారు? ఆమె తలుపేసుకుంది. సంఘంలో సగం మంది అటు, సగం మంది ఇటు అయ్యారు. నీళ్ల ట్యాంకు దగ్గర కూడా పలకరింపుల్లేవు.

అప్పుడు గ్రామ సంఘం వాళ్లు పక్క ఊరి లీడరక్కను పిలిపించారు. మా ఊళ్లో ఆమెకు చుట్టాల్లేరు, మాతో లావాదేవీల్లేవు. "నేను తీర్పు చెప్పడానికి రాలేదు" అని మొదటే చెప్పేసింది. బడి వరండాలో చాపలేసి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టింది. లీడర్లమని మాకూ కుర్చీ ఇవ్వలేదు. ఒకరు మాట్లాడాలి. పక్కనున్నామె "నువ్వు చెప్పింది ఇదేనా?" అని ఆ మాట తిరిగి చెప్పాలి. అవునన్నాకే తన మాట చెప్పుకోవాలి. చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ జవాబు చెప్పకూడదు.

వినడానికి తేలికే గానీ చెయ్యడం చాలా కష్టం అక్కలూ. మొదటి చుట్టులో లీడర్లమే మూడుసార్లు మధ్యలో నోరు పెట్టాం. ఆ అక్క చెయ్యెత్తి ఆపింది.

రెండో చుట్టులో ఆమె నోరు విప్పింది. భర్త ఆపరేషనుకు పొదుపులోంచి 10,000 అప్పడిగిందట. "చూద్దాంలే" అన్నామట. ఆ వారమే మా సంఘంలోనే ఉన్న రెండో లీడరు తోడికోడలికి గేదె కోసం ఇచ్చాం. ఆమె బయట నూటికి ఐదు వడ్డీకి తెచ్చుకుంది. కంతు డబ్బంతా ఆ వడ్డీకే పోయింది. మాకసలు గుర్తే లేదు. తీర్మానాల పుస్తకం తెరిస్తే గేదె అప్పు ఉంది, ఈమె అడిగిన మాట లేదు.

ఆమె పక్కన కూర్చున్నది మా రెండో లీడరే. ఆ మాట తిరిగి చెప్పాల్సిందీ తనే. చెప్పింది, ఏడ్చింది.

ఒక్క రోజులో తేలలేదు. మూడు వారాలు కూర్చున్నాం. పొదుపులోంచి అప్పిచ్చి బయటి బాకీ తీర్పించాం. మేము కట్టిన కంతులు ఆరు నెలల్లో తిరిగిచ్చేలా రాసుకున్నాం. ఇంకొకామె మాత్రం ఇదంతా దండగని సంఘం మానేసింది. ఆపలేకపోయాం.

అన్నిటికీ ఇదే మందని చెప్పం. పుస్తకాల్లో డబ్బు తేడా వస్తే ఆడిట్ చేయించాలి. ఇంట్లో కొట్టే గొడవైతే కొట్టినవాడి ఎదుట ఆమెను కూర్చోబెట్టి మాట్లాడమనకూడదు.

పంచసూత్రాల్లో మొదటిదే వారం వారం సమావేశం. దాన్ని మేము డబ్బు లెక్కపెట్టే అరగంట చేసేశాం. ఇప్పుడు అప్పడిగిన ప్రతి ఒక్కరి పేరూ, ఇచ్చినా ఇవ్వకపోయినా, కారణంతో సహా రాస్తున్నాం. ఆ పుస్తకం తెచ్చాం. భోజనాల దగ్గర అడగండి, చూపిస్తాం.