మన పక్క గుట్ట మీది సేనాని



మన దిల్‌సుఖ్‌నగర్ పక్కన మూసారాంబాగ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. ఆయన వర్తకుని కొడుకు; కొలిచింది రెండో నిజామును. 1795 మార్చిలో ఖర్దా యుద్ధంలో నిజాం మరాఠాలకు ఓడిపోయారు. ఆ ఏడే పెద్ద కొడుకు ఆలీజా తండ్రిపై తిరగబడ్డాడు. రేమండ్ వెంటాడి పట్టుకున్నాడు. తిరుగుదారిలో ఆలీజా విషం తీసుకుని చనిపోయాడు. తండ్రికి గద్దె దక్కింది, కొడుకు దక్కలేదు.

రేమండ్ 1798 మార్చి 25న కన్నుమూశాడు. ఆయనను హిందువులు మూసారాం అని, ముస్లింలు మూసా రహీం అని పిలుచుకున్నారు.

ఇంటి తగవుకు సైన్యం తీర్పు చెబితే గెలిచినవారూ ఏడవాల్సిందే. మనవలను తీసుకెళ్లి ఆ సమాధి చూపించండి, ఈ కథా చెప్పండి. సెలవు.