ఏబది దాటిన పిమ్మట వ్యాపారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి నేర్చినవే. ఈ నడుమ నా యీడువారు పలువురు నన్నొక ప్రశ్న యడుగుచున్నారు: "ఉద్యోగము ముగియుచున్నది, పిల్లలు దూరమున నున్నారు. ఈ వయస్సున ఏదేని వ్యాపారము పెట్టిన నిలుచునా?" నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిని.

మొదట నా తప్పు చెప్పికొందును. నా నలుబదియారవ యేట చిల్లర దుకాణము పెట్టి రెండేండ్లకు మూసితిని. పరుల లెక్కలు పైసతో సహా వ్రాయు నేను, నా దుకాణపు లెక్కలో రెండు పద్దులు వ్రాయ మరచితిని. ఒకటి, పగలంతయు కొట్టులో కూర్చున్న నా భార్య కష్టమునకు కూలి. రెండవది, ఇక రాదని తెలిసిన బాకీ. సాయంకాలము పెట్టెలో కనబడిన రొక్కమునే లాభమనుకొంటిని. అరువు పుస్తకము లావెక్కెను, సరకు పలుచబడెను. తుదకు ఆమె మెడలోని గొలుసు అమ్మి అప్పు తీర్చితిమి. ఆమె నన్నొక్క మాటయు అనలేదు.

కవిసార్వభౌముడగు శ్రీనాథుడు వార్ధకమున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు గొని సేద్యము చేసెనని ఆయన పేర నిలిచిన చాటువులు చెప్పుచున్నవి. పంట కృష్ణ కొంత, పక్షులు కొంత తీసికొనిపోయినవి. చెల్లింపవలసిన ఏడునూరు టంకములు మాత్రము తగ్గలేదు. అది చదివినప్పుడు రసికులకు కన్నీరు వచ్చును. లెక్కవ్రాతగానికి ఒక పద్దు గూడ కనబడును: పని అలవాటు లేనిది, రాబడి ఏటి దయమీద నున్నది, చెల్లింపు మాత్రము స్థిరము. అంతటి మహాకవినే ఆ పద్దు క్రుంగదీసినది. మనమెంత?

ఇక నిలిచిన దానిని చెప్పెదను. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో తమిళ దేశమున జన్మించిరి. యౌవనముననే కీళ్లవాతము వారి వ్రేళ్లను వంకరచేసినది. ఆ వ్రేళ్లతోనే కత్తి పట్ట నేర్చి కంటివైద్యులైరి. 1976లో, 58వ యేట, ప్రభుత్వోద్యోగము విరమించి, తోబుట్టువుల తోడ్పాటుతో మదురైలో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి నెలకొల్పిరి. ఇల్లు తాకట్టు పెట్టిరందురు. ఆ సాహసమును మనము అనుకరింపరాదు. అయితే చేతనున్న విద్య దశాబ్దములనాటిది. పల్లెలలో కంటి శిబిరములు నడపిన అనుభవము గలదు. కొత్తది సంస్థయే గాని పని కాదు.

వారి లెక్క వినదగినది. ఇయ్యగలవారు రుసుము నిత్తురు, లేనివారికి ఉచితము, వైద్యులు మాత్రము ఇరువురికి వారే. ఇది ఎట్లు పొసగెను? ఆసుపత్రిలో మిక్కిలి వెలగలది వైద్యుని కాలము. పల్లెబాలికలకు తర్ఫీదు నిచ్చి, వైద్యుడే చేయనవసరము లేని పనులన్నియు వారికి అప్పగించిరి. శస్త్రచికిత్సశాలలో రెండు బల్లలు ప్రక్కప్రక్కన వేసి, ఒక రోగికి చికిత్స జరుగుచుండగనే రెండవ రోగిని సిద్ధపరచిరి. ఒక దినమున చేయు చికిత్సలు హెచ్చినకొలది ఒక్కొక్కదానిపై పడు ఖర్చు తగ్గును. విదేశములనుండి వచ్చు కంటి కటకములు ప్రియముగా నున్నందున, 1992లో ఆరోల్యాబ్ స్థాపించి తామే తయారుచేయించి చౌకపరచిరి. 2006లో వెంకటస్వామిగారు గతించిరి, ఆసుపత్రులు నిలిచియున్నవి. మన తిరుపతియందును ఒకటి గలదు. ధర్మము లెక్కను విడువలేదు, లెక్క ధర్మమును విడువలేదు.

ఇందుండి నేను గ్రహించినవి మూడు. ముసలితనమున కొత్త విద్యకు పోక, తెలిసిన విద్యనే కొత్త తీరున నడపవలెను. కాలము తక్కువ గనుక, పోయినను కుటుంబము క్రుంగనంత సొమ్మే పెట్టవలెను. తన కూలిని తొలి పద్దుగా వ్రాయవలెను.

నాకు విరమణ రెండేండ్లలో నున్నది. మన చుట్టుప్రక్కల చిల్లరకొట్లవారు జీఎస్టీ లెక్కలకై పట్టణమునకు పోవుచున్నారు. ఆ పని ఇచ్చటనే చేసిపెట్టదలచి కంప్యూటరు నేర్చుచున్నాను. నెలకు గది అద్దె 1,000 రూపాయలు, విద్యుత్తు, కాగితములు 500, నా కూలి 6,000, వెరసి 7,500. కొట్టుకు 300 చొప్పున 25 కొట్లు కావలెను. ఇప్పటికి ఒప్పుకొన్నవి తొమ్మిది. అందుచేత గది తీసికొనలేదు. మా యింటి అరుగుమీదనే ఆరంభింతును. పింఛను దరఖాస్తుతో వచ్చు వృద్ధులవద్ద ఏమియు పుచ్చుకొనను. ఈ పర్యాయము పద్దు పుస్తకము నా భార్య చేతనుండును. అరువు పెట్టుటకు ఆమె యనుమతి కావలెను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది ఎట్లు? ఇయ్యగలవారు చందా కట్టిరి; కట్టలేని బాలురు అదే బల్లకడ కూర్చుండి చదివిరి. మదురై లెక్కకును మన లెక్కకును భేదము లేదు. కావున చందా బాకీ యున్నవారు నేడే చెల్లింపుడని మనవి. ఆ జాబితాలో నా పేరును గలదు. సభ ముగియగనే నేనును కట్టెదను.

నా వ్యాపారము మొదలైన మరుసటి యేటి వార్షికోత్సవమున నా పద్దు పుస్తకమును లాభమైనను నష్టమైనను ఈ బల్లపై నుంచెదను. మీరు తిరుగవేసి తప్పు లెన్నుడు. సెలవు.