ట్రాలీ వెనక దీపాలు: నా పొరపాటు, మీకో మనవి

(కార్తీక మాసపు సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "నేనేం మాట్లాడతానండీ, చేతిలో స్క్రూడ్రైవరు లేనిదే నాకు నోరు పెగలదు" అన్నాను. "ఆ స్క్రూడ్రైవరు సంగతే చెప్పండి" అన్నారు. వచ్చే ఆదివారం మనమంతా అనంతగిరికి వనభోజనాలకు వెళుతున్నాం. సామాన్ల కోసం జీపు వెనక కట్టే ట్రాలీ ఒకటి మాట్లాడారని తెలిసింది. ఆ మాట విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో మనవి చేస్తాను.

నేను 1975లో బస్సు డిపోలో చేరి 2006లో రిటైరయ్యాను. 31 సంవత్సరాలూ లైట్లు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లతోనే గడిచింది. అప్పట్లో మేము షాలిబండలో ఉండేవాళ్ళం. మా వీధిలో టెంట్ హౌస్ నడిపే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఆయనకొక పాత జీపు, దాని వెనక తగిలించే రెండు చక్రాల చిన్న ట్రాలీ ఉండేవి. చార్మినార్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు షామియానాలు, లాల్‌దర్వాజ బోనాలకు కుర్చీలు, మొహర్రం రోజుల్లో నీళ్ళ డ్రమ్ములు, అన్నీ ఆ ట్రాలీలోనే వెళ్ళేవి.

1994 కార్తీకంలో మా డిపో మిత్రులం వనభోజనాలకు ఆ బండినే మాట్లాడుకున్నాం. ట్రాలీకి వెనక లైట్లు మరీ కిందికి ఉండేవి. సామానేసి టార్పాలిన్ కప్పితే సగం మూసుకుపోయేవి. భాయ్ నా దగ్గరకు వచ్చి, "సాబ్, పైన ఇంకో జత లైట్లు పెట్టి ఇయ్యండి, రాత్రి పూట భయమైతుంది" అన్నాడు. 24 వోల్టుల బస్సులకు వైరింగు చేసేవాడిని, ఈ 12 వోల్టుల ట్రాలీ నాకొక లెక్కా అనుకున్నాను. పుత్లీబౌలి వెళ్ళి సామాను తెచ్చి, ఒక్క పూటలో పని ముగించాను.

మొదట వచ్చిన చిక్కు చిన్నది. ఇండికేటరు బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు. జీపుకు ఒక పక్క ముందొకటి, వెనకొకటి, కలిపి 42 వాట్లు. అంటే మూడున్నర ఆంపియర్లు. ట్రాలీ పాత బల్బు, నేను పెట్టిన కొత్త బల్బు కలిసేసరికి 84 వాట్లు, 7 ఆంపియర్లు అయింది. జీపులోని ఫ్లాషరు ఆ భారానికి చేసినది కాదు. లయ తప్పి టకటకా కొట్టుకుంది. పెద్ద ఫ్లాషరు తెచ్చి మార్చాను, సరిపోయింది. భాయ్ సంతోషించాడు, నేనూ గర్వపడ్డాను.

రెండో తప్పు నా కంటికి కనబడలేదు. జీపుకు, ట్రాలీకి మధ్య ఏడు కాళ్ళ సాకెట్టు ఉంటుంది. అందులో మూడో కాలు ఎర్త్‌కు, తెల్ల తీగ. నేను దాన్ని ఖాళీగా వదిలేశాను. బస్సులో ఎర్త్‌కు ఛాసిస్ ఇనుమే సరిపోతుంది కదా, ఇక్కడ కూడా ట్రాలీ కొక్కెం జీపు హుక్కుకు తగులుతూనే ఉంటుంది, కరెంటు అందులోంచే తిరిగి వస్తుంది అనుకున్నాను. ఇంటి ముందు నిలబెట్టి చూస్తే అన్నీ చక్కగా వెలిగాయి.

ఆ ఆదివారం తెల్లవారుజామున పురానాపూల్, కార్వాన్, లంగర్‌హౌజ్ మీదుగా బయలుదేరాం. అనంతగిరిలో పద్మనాభస్వామి దర్శనం చేసుకుని, ఉసిరి చెట్టు కింద వండుకుని తిన్నాం. మన పాతబస్తీ పక్కన పారే మూసీ ఆ కొండల్లోనే పుడుతుందని పిల్లలకు చెప్పుకున్నాం. తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. చేవెళ్ళ దారిలో రోడ్డుకు రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. వాటి కింద చీకటి మరీ చిక్కగా ఉంటుంది. మా కండక్టరు మిత్రుడొకడు స్కూటరు మీద ట్రాలీ వెనకే వస్తున్నాడు. టీ తాగుదామని జీపు డ్రైవరు కుడి ఇండికేటరు వేసి, కుడి వైపు హోటలుకు తిప్పాడు. అదే క్షణంలో స్కూటరు కుడి వైపు నుంచే దాటబోయి ట్రాలీ మూలను కొట్టుకుంది. మా వాడి కుడి కాలు రెండు చోట్ల విరిగింది.

మొదట అందరం వాడినే తప్పు పట్టాం, తొందరపడ్డాడని. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు వాడు నాతో మెల్లగా, "అన్నా, నీ లైట్లు రెండు పక్కలా కన్ను కొట్టినయి. బండి పక్కకు ఆపుతున్నరనుకున్న" అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్ళు చల్లబడింది. మర్నాడు ట్రాలీ దగ్గరకు వెళ్ళి కొక్కెం చూశాను. పైన గ్రీజు, కింద తుప్పు. బండి కుదిపినప్పుడల్లా ఇనుముకు, ఇనుముకు మధ్య సంబంధం తెగుతోంది. కరెంటు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోతే ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. కుడి ఇండికేటరు బల్బులోంచి ట్రాలీ ఇనుములోకి వచ్చి, ఎడమ పక్క బల్బులోంచి జీపు బల్బుల గుండా ఎర్త్‌కు చేరింది. అందుకే రెండు పక్కలా మినుకుమినుకుమన్నాయి. జీపు బాడీ నుంచి ట్రాలీ బాడీకి బారెడు తీగ పట్టి చూశాను. మరుక్షణం కుడిది కుడికే, ఎడమది ఎడమకే వెలిగాయి. ఆ బారెడు తీగ లేక నా మిత్రుడు ఆరు నెలలు మంచాన పడ్డాడు.

మన చార్మినార్ గడియారాలు 1889 నుంచి నాలుగు దిక్కులా చూస్తున్నాయి. ఒక గడియారం ఆగిపోతే మనిషి మరొకరిని టైము అడుగుతాడు. తప్పు టైము చూపిస్తే మాత్రం దాన్నే నమ్మి బస్సు తప్పిపోతాడు. బండి దీపం కూడా అంతే. వెలగని దీపం కన్నా అబద్ధం చెప్పే దీపం ప్రమాదం.

అందుచేత ట్రాలీ మాట్లాడేటప్పుడు కిరాయి ఒక్కటే కాక, ఈ నాలుగు సంగతులు కూడా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఒకటి. మూడో కాలికి తెల్ల తీగ ఉందా, అది ట్రాలీ ఇనుము మీద రంగు గీకి, లగ్గు పెట్టి బోల్టుతో బిగించారా చూడాలి. ప్రతి లైటుకూ ఎర్త్ తీగ అక్కడి దాకా రావాలి. కొక్కేన్ని నమ్మవద్దు.

రెండు. అదనపు లైట్లు పెడితే వాటి భారం జీపు ఫ్లాషరు మీద వేయకుండా, పక్కకొక రిలే చొప్పున పెట్టి, బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజుతో కరెంటు ఇవ్వాలి. ఇండికేటరు తీగ రిలేను మీటితే చాలు, బల్బులను మోయనక్కరలేదు. తీగలు మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వానకే పాడవుతాయి.

మూడు. పరీక్ష రాత్రి పూట చేయాలి. ముందు వెనక లైట్లు వేసి, వాటితో పాటు బ్రేకు నొక్కాలి, తరువాత ఎడమ, ఆ తరువాత కుడి ఇండికేటరు వేయాలి. అన్నీ కలిపి వేసినప్పుడే ఎర్త్ లోపం బయటపడుతుంది. ఒకరు సీట్లో కూర్చుంటే, ఒకరు వెనక నిలబడి చూడాలి. ఇంకొకరు కొక్కేన్ని కదిలించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరానికి కనబడాలి. టార్పాలిన్ కప్పిన తరువాత కూడా కనబడుతోందా అన్నది మనమే వెనక్కి నడిచి వెళ్ళి చూసుకోవాలి.

నాలుగు. ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించాలి. వాటికి తీగ లేదు, ఫ్యూజు లేదు. లైట్లన్నీ పోయినా వెనక వచ్చే వాడి హెడ్‌లైటుకు అవి మెరుస్తాయి.

ఇక్కడున్న మనవలకొక మాట. ఇప్పుడు మీరు ఎల్.ఇ.డి. లైట్లు పెడుతున్నారు, మంచిదే. 21 వాట్ల పనిని రెండు మూడు వాట్లలో చేస్తాయి. అయితే పాత ఫ్లాషరుకు అంత తక్కువ కరెంటు సరిపోక తడబడుతుంది. దానికి తగిన ఫ్లాషరు మార్చండి. అందం కోసం వెనక తెల్లవి, నీలివి పెట్టకండి. వెనక వచ్చే వాడికి అవి ఏమీ చెప్పవు, కళ్ళు మాత్రం చెదరగొడతాయి.

నా స్కూటరు మిత్రుడు ఈ సభలోనే, రెండో వరసలో, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. ఈ సంగతి సభలో చెబుతానని నిన్న అడిగితే, "నా పేరు చెప్పకు, తీగ సంగతి మాత్రం చెప్పు" అన్నాడు. తమ్ముడూ, చెప్పాను.

వచ్చే శనివారం సాయంత్రం ట్రాలీ మన ఆఫీసు ముందుకు వస్తుంది. టెస్ట్ లాంపు నేను తెస్తాను. చూపు సరిగా ఉన్న కుర్రవాళ్ళు ఇద్దరు రండి, ఎందుకంటే నా కళ్ళు ఇప్పుడు 155 మీటర్లు చూడవు. అన్నీ సరిగా వెలిగాకే పాత్రలు ఎక్కిద్దాం.