యంత్రం కొనేముందు

 

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీలో చాలామంది ఫ్యాక్టరీల్లో చేరబోతున్నారు. అందుకే ఒక ఫ్యాక్టరీ గురించే మాట్లాడతాను.

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారును 850 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. సామాన్యుడు కొనగలిగే కారు తయారుచేయాలన్నది ఆయన పట్టుదల. ఫ్యాక్టరీనీ దానికి తగ్గట్టే మలిచాడు. 1913లో తన హైలాండ్ పార్క్ ప్లాంటులో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. అంతకుముందు 12 గంటలకు పైగా పట్టిన ఛాసిస్ బిగింపు 1914 నాటికి గంటన్నరలో అయిపోయేది. ఒక్కో మెషిన్ ఒక్కటే పని చేసేది, అదీ మహావేగంగా. ధర క్రమంగా 300 డాలర్ల లోపుకు దిగింది. వ్యూహమూ ఉత్పత్తీ ఇంత చక్కగా కుదిరిన సందర్భాలు చరిత్రలో అరుదు.

తర్వాత కొనేవాళ్లు మారారు. రంగులడిగారు, సౌకర్యాలడిగారు, కొత్త మోడళ్లడిగారు. జనరల్ మోటార్స్‌లో ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఆ కోరికల చుట్టూనే వ్యాపారాన్ని అల్లాడు. దాన్ని షాప్ ఫ్లోర్ మీద నిజం చేసినవాడు విలియం నుడ్సెన్. ఒకప్పుడు ఫోర్డ్ ప్లాంట్లను నడిపించి, 1921లో బయటికొచ్చి, షెవర్లేలో చేరినవాడాయన. ఒకే పనికి కట్టుబడే మెషిన్ల బదులు, మోడల్ మారినా సర్దుకోగలిగేవి పెట్టించాడు.

1927లో ఫోర్డ్ మోడల్ టీని ఆపేయక తప్పలేదు. అప్పటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. దాని స్థానంలో తెచ్చే మోడల్ ఏ కోసం ప్లాంట్లను మార్చడానికి నెలల తరబడి ఉత్పత్తి నిలిచిపోయింది. అక్కడి ఇంజనీర్లు గొప్పవాళ్లే. వాళ్లు సాధించిన వేగమే వాళ్లను కట్టిపడేసింది.

1969లో హార్వర్డ్ ఆచార్యుడు విక్‌హామ్ స్కిన్నర్ ఈ జబ్బు మూలాన్ని పట్టుకున్నాడు. చౌక, నాణ్యత, వేగం, వైవిధ్యం అన్నీ ఒకే ప్లాంటు నుంచి ఆశించలేం. కంపెనీ వీటిలో దేని బలంతో పోటీపడుతోందో ముందు తేల్చుకోవాలి అన్నాడు. ఉత్పత్తిని కిందివాళ్ల పనిగా వదిలేయడం తప్పన్నాడు. మన దగ్గరా అదే జరగడం నాకు బాధ కలిగిస్తుంది.

కొత్త మెషిన్ ప్రతిపాదన మీ బల్ల మీదకు వచ్చినప్పుడు గంటకు ఎన్ని పీసులు తీస్తుందో ఎలాగూ చూస్తారు. మోడల్ మారితే దాన్ని మార్చడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా అడగండి. సేల్స్ వాళ్లను పిలిచి, మూడేళ్ల తర్వాత కస్టమర్ ఏం అడుగుతాడనుకుంటున్నారో రాయించుకోండి. కొత్తగా చేరినవాళ్లకు ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే, ఆ మెషిన్‌తో పదిహేనేళ్లు పనిచేయాల్సింది మేమే కదా అని చెప్పండి.