గడప నుంచి బస్టాపు దాకా



తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి చాలా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. సంతోషమే. కాని బస్సు మన గడప ముందు ఆగదు కదా! ఇంటి నుంచి బస్టాపు దాకా ఉన్న ఆ అరమైలు మాటేమిటి? ఈవేళ నేను చెప్పదలచుకున్నది దాన్ని గురించే.

ఇంట్లో ఒక్కటే స్కూటరుంటే పొద్దున్నే అది మగవారితో ఆఫీసుకు వెళ్ళిపోతుంది. బడి, రైతుబజారు, మందుల షాపు, బ్యాంకు - ఇవన్నీ మనం కాలినడకనే చక్కబెట్టుకోవాలి. ఒక చేతిలో కూరల సంచీ, ఇంకో చేతిలో పసివాడి చెయ్యి. ఫుట్‌పాత్ ఎక్కుదామంటే దానిమీద ట్రాన్స్‌ఫార్మరు, పక్కన మోటారుసైకిళ్ళు, అవతల మూతలేని కాలువ. రోడ్డు మీదికి దిగితే వెనకనుంచి హారన్లు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మోకాళ్ళ నొప్పుల అత్తగారు గుడికి వెళ్ళడం మానేస్తారు. అమ్మాయికి మంచి కాలేజీలో సీటొచ్చినా, చీకటి పడ్డాక ఆ దారిన ఎలా వస్తుందని దగ్గర్లో ఉన్నదాంట్లో చేర్పిస్తాం. పోనీ ఆటో ఎక్కమంటారా? ఉచితంగా బస్సెక్కడానికి ఆటోకు డబ్బులివ్వడమన్నమాట!

నిబంధనలు లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డమూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగుల వెడల్పు ఉండాలి. ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు వచ్చినా తప్పుకోవచ్చు. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, అంటే జానెడు కూడా కాదు. సరైన ఫుట్‌పాత్ పాదచారుల హక్కని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బస్సు సంగతీ అంతే. లోఫ్లోర్ బస్సు ఎక్కడం పెద్దవాళ్ళకు సులువు. కాని డ్రైవరు దాన్ని ఫుట్‌పాత్ అంచుకు చేర్చకుండా నడిరోడ్డులో ఆపితే అదీ ఎత్తే అవుతుంది. స్టాపు ముందు కార్లు నిలబడి ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇక సైకిలు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. ముచ్చటగానే ఉంది. కాని మన పిల్ల ట్యూషనుకు వెళ్ళేది కాలనీ రోడ్డు మీద కదా! అక్కడ వాహనాల వేగం తగ్గాలి, మలుపులో దీపం వెలగాలి. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా వేలమంది స్త్రీలు నేర్చుకున్నారు. ఎక్కడికి వెళ్ళాలన్నా మరొకరి కోసం కాచుకునే అవసరం వాళ్ళకు తగ్గింది.

ఒక్క మాట. ఫుట్‌పాత్ అనగానే పూలమ్మిని లేపెయ్యమనకండి. సందెవేళ ఆమె బుట్ట ఉన్న వీధే మనకు ధైర్యం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఆమెకూ చోటు చూపించమంటోంది.

మరి మనమేం చెయ్యాలి? నలుగురు ఇరుగుపొరుగు కలిసి, టేపు పట్టుకుని, ఒకరోజు పగలూ ఒకరోజు రాత్రీ బస్టాపు దాకా నడవండి. ఎక్కడ ఫుట్‌పాత్ తెగిపోయింది, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ రోడ్డు దాటడం ప్రాణాల మీదికొస్తోంది - ఇంటి నంబర్లతో సహా రాసుకోండి. ఒక్క కాగితం మీద అర్జీ రాసి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బస్సు ఆగే చోటు గురించి డిపో మేనేజరుకు విడిగా రాయండి. పట్టణానికి మాస్టర్ ప్లాను ముసాయిదా ప్రకటించినప్పుడు ప్రజల సలహాలు, అభ్యంతరాలు అడుగుతారు. ఫ్లైఓవర్ల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. మన అరమైలు గురించి మనం చెబితేనే వాళ్ళకు తెలుస్తుంది.