నిఘంటువులో లేని మాట



కథల పుస్తకము చదువుచున్న బాలుడొకడు ఒక మాటయొద్ద ఆగి, దీనికి అర్థమేమని యడుగును. అది రచయిత స్వయముగా కల్పించిన మాట, నిఘంటువున దొరకదు. విజయవాడ బాలుడు అట్టి మాట విని నవ్వును. మన షోలాపురపు బాలుడు తనకు తెలుగు రాదని సిగ్గుపడును. ఈ భేదమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమునకు పింగళి నాగేంద్రరావుగారు సంభాషణలు వ్రాసిరి. అందు ‘గింబళి’, ‘గిల్పము’ అను మాటలు కలవు. ఇవి యెక్కడివి? మనము ఇంట ‘నీళ్లు గీళ్లు’, ‘నూలు గీలు’ అందుము కదా! ఆ రీతినే కంబళికి గింబళి, తల్పమునకు గిల్పము జంటలైనవి. సంస్కృతమున ‘అస్మదీయులు’ అనగా మనవారు. చిత్రమున నది ‘అసమదీయులు’ కాగా, దానికెదురుగా ‘తసమదీయులు’ నిలిచినది. ఏ వ్యాకరణమును దాని నొప్పదు. అయినను పరాయివారని వినినంతనే తోచును.

ఇట్టి కల్పన ఇతర భాషలందును కలదు. ఆంగ్లమున ల్యూయిస్ కారల్ 1871 నాటి తన పుస్తకమున రెండేసి మాటలను ఒక్కటిగా మడచి క్రొత్త మాటలు చేసెను. వంగభాషలో సుకుమార్ రాయ్ 1923 నాటి ‘ఆబోల్ తాబోల్’ యందు బాతును, ‘సజారు’ అను ముళ్లపందిని కలిపి ‘హాంస్‌జారు’ను పుట్టించెను.

కావున క్రొత్త మాట యెదురైనపుడు బిడ్డను మూడు ప్రశ్నలడుగుడు. ఇది ఏ మాటవలె ధ్వనించుచున్నది? వాక్యమున ఏమి పని చేయుచున్నది? పలువైనచో దాని నెట్లందువు? అతడు ‘గింబళ్లు’ అనినచో వ్యాకరణము అతనికి వచ్చినట్లే. 1958లో జీన్ బెర్కో అను విదుషీమణి కల్పిత పదములతో పసిబిడ్డలను పరీక్షించి, ఎన్నడును వినని మాటకు సయితము వారు బహువచనము చెప్పగలరని నిరూపించెను.

అయితే ఒక చిక్కు కలదు. ఇరుగుపొరుగున ‘ఘోంగడీ’ అను మరాఠీ మాటనే విని, కంబళి యను మాట నెరుగని బిడ్డకు గింబళి నవ్వు పుట్టింపదు. లోటు గింబళియందు లేదు. కంబళి వినిపించకపోవుటయందు కలదు. ఆ లోటు బిడ్డది కాదు, పెద్దలమగు మనది.

మన బిడ్డలకొక మేలును కలదు. తెలుగువారు ‘నీళ్లు గీళ్లు’ అనగా, మరాఠీవారు ‘చహాబిహా’ అందురు. మనకు ‘గి’, వారికి ‘బి’. రెండు భాషల కీలకములును మన బిడ్డల కందుబాటులోనే యున్నవి. వారు రెండు భాషలు కలిపి క్రొత్త మాట చేసినపుడు గద్దింపకుడు. ఎట్లు చేసితివని యడుగుడు.

పడుగు, పేక, కండె, అచ్చు మున్నగు మాటలు పెద్దలతోనే ఆగిపోకుండ ఇంట నిత్యము పలుకుడు. పడుగు లేనిదే పేక నిలువదని మగ్గమెరిగిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంట విన్న మాటలే పడుగు. కథలోని వింత మాట పేక.